లెక్క వస్తుంది, యూనిట్ల దగ్గరే మార్కులు పోతున్నాయి. పాపకు ఎలా చెప్పాలి?

మిర్యాలగూడ నాన్న:
మా పాప ఎనిమిదో తరగతి. గుణకారాలు, భాగహారాలు గడగడా చేసేస్తుంది. నిన్నటి లెక్క చూడండి: నీళ్ల తొట్టి పొడవు 2 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు, లోతు 80 సెంటీమీటర్లు, ఎన్ని లీటర్లు పడతాయి? 2 × 1.5 × 80 = 240 చేసి పక్కన లీటర్లు అని పెట్టేసింది. ఎందుకమ్మా అంటే ప్రశ్నలో లీటర్లే అడిగారు కదా అంటుంది. యూనిట్ చివర్లో రాస్తే చాలని ట్యూషన్‌లో చెప్పారట. నిజమేనా?

లెక్కల టీచర్, జడ్చర్ల:
ఆ చివర్లో రాస్తే చాలన్న మాటతోనే తిప్పలన్నీ. ఆ 240 లీటర్లూ కాదు, ఘనపు మీటర్లూ కాదు. ముందు 80 సెం.మీ.ని 0.8 మీటర్లు చేయించండి. 2 మీ × 1.5 మీ × 0.8 మీ = 2.4 ఘనపు మీటర్లు, ఒక్కో ఘనపు మీటరుకు 1000 లీటర్లు, కాబట్టి 2400 లీటర్లు. ఇంకోటి, జవాబు రాగానే కాస్త ఆగి చూడమనండి. పెద్ద డ్రమ్ములోనే దాదాపు 200 లీటర్లు పడతాయి, రెండు మీటర్ల పొడవున్న తొట్టిలో డ్రమ్ముడు నీళ్లేనా?

దేవరకొండ మామ:
చదరపు కొలతలైతే ఇంకా ఘోరం. 200 గజాల ప్లాటు ఎన్ని చదరపు అడుగులురా అంటే మా అక్క కొడుకు టక్కున 600 అన్నాడు, గజానికి మూడడుగులే కదా మామా అని. ప్లాటు గజాలంటే చదరపు గజాలని వాడికి ఎవరు చెప్పారు గనక! నేల మీద సుద్దముక్కతో మూడడుగులకు మూడడుగుల గడి గీసి, లోపల అడుగు గడులు లెక్కపెట్టమన్నా. తొమ్మిది. అంటే 1800. ఆ తర్వాత గుంట లెక్క వాడే పట్టేశాడు, 33 అడుగులకు 33 అడుగులంటే 11 గజాలకు 11 గజాలు, 121. ఎకరానికి 40 గుంటలు, 4840 గజాలు.

టెన్త్ స్టూడెంట్, నకిరేకల్:
ప్రతి లైన్‌లో యూనిట్ రాస్తూ కూర్చుంటే పరీక్షలో టైం ఎక్కడిది సార్? నేను మొదటి లైన్‌లోనే అన్నీ మీటర్లలోకి మార్చేసి, తర్వాత ఉత్త అంకెలతోనే పోతా.

లెక్కల టీచర్, జడ్చర్ల:
పొడవులు, వైశాల్యాల వరకు నడుస్తుంది బాబూ. వేగాల దగ్గర దొరికిపోతావు. గంటకు 72 కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చమంటే 5/18 బదులు 18/5 పెట్టేవాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు. 72 × 1000 మీ ÷ 3600 సె అని రాసుకో, 20 మీ/సె వచ్చి తీరుతుంది, ఆ 5/18ని బట్టీ పట్టే పని కూడా తప్పుతుంది.