నొప్పి తగ్గింది, స్పాటింగ్ ఆగడం లేదు: ఎండోమెట్రియోసిస్ మాత్ర కొనసాగించాలా, ఆపేయాలా?

తిరుపతి అమ్మాయి (ప్రశ్న)

నాకు 28 ఏళ్లు, పెళ్లి కాలేదు. నెలసరి మొదటి మూడు రోజులు మంచం దిగలేని నొప్పి. "అందరికీ ఉండేదేలే" అంటే నేనూ తొమ్మిదేళ్లు అలాగే అనుకున్నాను. పోయిన ఏడు స్కానింగ్‌లో ఎడమ అండాశయంలో 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన తిత్తి) కనిపించింది. ఎండోమెట్రియోసిస్ అన్నారు, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బట. డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర 2 మి.గ్రా. రోజుకొకటి రాశారు. ఇప్పుడు ఐదో నెల.

నొప్పి నిజంగా తగ్గింది, ఆ మాట ముందే చెప్పాలి. స్పాటింగ్ (చుక్కలుగా రక్తం కనిపించడం) మాత్రం ఆగడం లేదు. పోయిన నెలలో 22 రోజులు. డాక్టరమ్మతో చెబితే "కొంచెమే కదమ్మా" అన్నారు. మా ఇంట్లో చుక్క కనిపించినా బయట చేరినట్టే. దేవుడి గదిలోకి పోకూడదు, వంటింట్లో ఏదీ ముట్టకూడదు. మా అన్న కొడుక్కి కొండమీద పుట్టువెంట్రుకలు తీయించారు. మేనత్తను, పక్కన ఉండాల్సినదాన్ని. అలిపిరిలో అందరినీ బస్సెక్కించి ఒక్కదాన్నే ఇంటికొచ్చాను. ఆ నెలంతా నాకు ఈ మాత్ర మీద కోపమే.

ముఖం నిండా మొటిమలు. సాయంత్రమైతే ఊరికే ఏడుపొస్తోంది. అమ్మ ఆపేయమంటోంది. ఆపితే పాత నొప్పి వస్తుందని టెన్షన్. వాడినవాళ్లు చెప్పండి.

చంద్రగిరి అక్క

ఆపొద్దు చెల్లీ. నేను మూడో ఏడు వాడుతున్నాను. మొదటి ఆరు నెలలు నాకూ ఇదే బాధ, తర్వాత నెలసరే రావడం మానేసింది. నేను గమనించింది ఒకటుంది. మాత్ర మరిచిపోయినా, వేళ తప్పినా రెండు రోజుల్లో స్పాటింగ్ మొదలయ్యేది. రాత్రి 9 గంటలకు ఫోన్‌లో అలారం పెట్టాక చాలా తగ్గింది. మాత్ర వేసుకున్న మూడు నాలుగు గంటల్లోపు వాంతి అయితే అది ఒంటికి పట్టనట్టే లెక్క, ఇంకొకటి వేసుకోవాలి. మొటిమలకు స్కిన్ డాక్టరు ఉన్నారు. ఆ నొప్పికి ఇంకెవరున్నారు? కొంచెం తట్టుకో.

చిత్తూరు నుంచి

అక్క మాట నేను ఒప్పుకోను. "తట్టుకో" అనే మాటే తొమ్మిదేళ్లు ఈ అమ్మాయి జబ్బును దాచింది. ఇప్పుడు మందు విషయంలోనూ అదే చెప్పడం నాకు నచ్చలేదు.

సర్జరీతో సిస్ట్ తీసేశాక నాకూ ఇదే మాత్ర ఇచ్చారు. మూడో నెలకల్లా పొద్దస్తమానం పడుకునే ఉండేదాన్ని. ఎందుకు బతకాలి అనిపించేది. ఇంట్లో బద్ధకం అన్నారు. చివరికి మా ఆయన వేలూరు తీసుకెళితే అక్కడ మాత్ర మాన్పించారు. మూడు వారాల్లో మళ్లీ మనిషినయ్యాను. నేను చేసిన తప్పు ఆ తర్వాతది. బాగున్నాను కదా అని ఏడాదిన్నర మందూ లేదు, స్కానూ లేదు. సిస్ట్ మళ్లీ వచ్చింది.

ఇప్పుడు గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది, లెవోనార్జెస్ట్రెల్ 52 మి.గ్రా. అది ఎక్కువగా అక్కడే పనిచేస్తుంది, రక్తంలో కలిసేది తక్కువ. మనసు కుదురుగా ఉంది. దీనికీ మొదటి నెలల్లో స్పాటింగ్ ఉంటుంది, దాచను. అండం విడుదలను ఇది పూర్తిగా ఆపదు కాబట్టి నాలాంటి సిస్ట్ కేసులో స్కాన్లు మానకూడదు.

శ్రీకాళహస్తి అమ్మ

కోపగించుకోకండమ్మా. పెళ్లి కాని పిల్లకు ఏళ్ల తరబడి ఇలాంటి మాత్రలు ఇస్తే రేపు గర్భసంచి పాడవదా? మా కాలంలో పెళ్లయి ఒక బిడ్డ పుడితే ఆ నొప్పి అదే పోతుందనేవాళ్లు. మా అమ్మాయికీ ఇదే రాశారు. నేను కొనివ్వలేదు.

పుత్తూరు, స్టాఫ్ నర్సు

అమ్మా, మీ భయం నేను రోజూ వింటాను. ఒక్కటి అడుగుతాను. కొండకు పోవాలన్నా, ఇంట్లో వ్రతమున్నా నెలసరి వాయిదా పడాలని మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చే మాత్ర ఏది? నోరెథిస్టెరాన్. అదీ ఇదే జాతి హార్మోను. 5 మి.గ్రా. చొప్పున రోజుకు మూడు మింగిస్తారు. వాడేది కొద్దిరోజులే, నిజమే. కానీ ఆ మాత్ర ఇచ్చేటప్పుడు ఏ తల్లీ గర్భసంచి సంగతి అడగ్గా నేను చూడలేదు. దర్శనానికి పనికొచ్చే మందు బిడ్డ నొప్పికి ఎందుకు పనికిరాదు?

మాత్ర ఆపితే అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. పిల్లలు పుట్టడానికి అడ్డుపడేది ఈ జబ్బు. బిడ్డ పుడితే నయమవుతుందన్న మాట కూడా నిలవలేదు. ఈ జబ్బుకు వైద్యంగా గర్భం దాల్చమని సలహా ఇవ్వకూడదని 2022 నాటి యూరప్ మార్గదర్శకాల్లో స్పష్టంగా రాశారు. ఇంకో సంగతి, డైనోజెస్ట్ 2 మి.గ్రా.ను గర్భనిరోధక మాత్రగా నమ్ముకోకూడదు. పెళ్లయినవాళ్లు కండోమ్ వాడాలి.

మీ అమ్మాయి చిన్నదైతే ఎముకల సంగతి మాత్రం డాక్టరును తప్పక అడగండి. ఎదిగే వయసులో ఈ మందుతో ఎముక సాంద్రత కొంత తగ్గొచ్చు. మా పుత్తూరు కట్టు విరిగిన ఎముకకే, పలచబడిన ఎముకకు కాదు. రాగి సంగటి, నువ్వులు, పాలు మానకుండా పెట్టండి.

తిరుపతి చెల్లీ, స్పాటింగ్‌నీ ఏడుపునీ ఒకే గంపలో వేయొద్దు. స్పాటింగ్‌కు కొంత గడువు ఇవ్వొచ్చు, మందు మార్చీ చూడొచ్చు. మనసు కుంగితే ఆగకూడదు. చావు ఆలోచన వస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి పో. రాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. రెండు హార్మోన్లు కలిసిన మాత్రకు మారుస్తామంటే, కళ్ల ముందు మెరుపులొచ్చే మైగ్రేన్ నీకుందేమో ముందే చెప్పు. అలాంటివాళ్లకు అది ఇవ్వకూడదు.

చంద్రగిరి అక్క

మనసు సంగతి నాకు రాలేదు కాబట్టి తట్టలేదు, అది ఒప్పుకుంటాను. స్పాటింగ్ ఒక్కదానికే అయితే ఐదో నెలలో ఆపొద్దనే ఇప్పటికీ అంటాను.

శ్రీకాళహస్తి అమ్మ

మా అమ్మాయికి 17. పోయిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ఆ వాయిదా మాత్రలు నేనే తెచ్చిచ్చాను. డాక్టరు రాసిన చీటీ బీరువాలోనే ఉంది. రేపు పెళ్లివాళ్లకు ఏం చెప్పాలో మాత్రం నాకింకా తెలియడం లేదు.

తిరుపతి అమ్మాయి

బుధవారం డాక్టరు దగ్గరికి పోతున్నాను. స్పాటింగ్ అయిన రోజులు క్యాలెండర్‌లో గుర్తు పెట్టాను, మాత్ర వేళ తప్పిన రోజులు కూడా. ఏడు రోజులు తప్పాయి. ఏడుపు సంగతి ఆమెకు నేను ఒక్కసారి కూడా చెప్పలేదని ఇక్కడ రాస్తుంటేనే తెలిసింది. ఈసారి అదే ముందు చెబుతాను. మా ఇంట్లో "కొంచెం స్పాటింగ్" అంటే ఏమిటో కూడా చెబుతాను.

అమ్మ పక్కన కూర్చుని ఇవన్నీ చదివింది. "మందు వల్ల కనిపించే చుక్క నెలసరి కిందికి వస్తుందా" అని మా అవ్వను అడుగుతానంది. బుధవారం దాకా మాత్ర ఆపను.