బొమ్మ పడింది, మొదటాట మొదలైంది

సినిమాని "బొమ్మ" అనడం ఈ కాలం కుర్రాళ్ల వెటకారమని మొన్న ఇక్కడ ఒకాయన చిరాకుపడ్డారు. మా అమ్మమ్మ వింటే నవ్వేది. హాలుకి ఆలస్యంగా చేరితే గేటు దగ్గర టిక్కెట్లు చింపే అబ్బాయిని ఆవిడ అడిగే మొదటి మాట, "బొమ్మ పడిందా నాయనా?"

ఆ బొమ్మ వెంట వెనక్కి పోతే పాల్కురికి సోమన తగులుతాడు. పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో, శివరాత్రికి శ్రీశైలం చేరిన జనం చూసే ఆటపాటల వరసలో ఈ ద్విపద ఉంది:

భారతాది కథలఁ జీరమఱుగుల
నారంగ బొమ్మల నాడించువారు

చీర అంటే ఇక్కడ ఉత్త బట్టే. బట్ట చాటున భారతకథల బొమ్మల్ని ఆడించేవాళ్లు, అంటే మన తోలుబొమ్మలాట వాళ్లు. 13వ శతాబ్దం మాట ఇది. సినిమా వచ్చేసరికి దీపం తెర వెనక నుంచి మన వెనక్కి మారింది, అంతే. పేర్లకి మనవాళ్లు తడుముకోలేదు. తెర, బొమ్మ, ఆట, మూడూ ఇంట్లో ఉన్నవే. కాబట్టి కుర్రాళ్లని వదిలెయ్యండి.

నాకు ఇంకా తమాషాగా అనిపించేది "ఆడు". బొమ్మల్ని మనుషులు ఆడిస్తారు. నాటకాన్ని మనుషులే ఆడతారు. సినిమా మాత్రం తనంతట తనే ఆడుతుంది: "ఏ హాల్లో ఆడుతోంది?", "వంద రోజులు ఆడింది", "పాపం, వారం కూడా ఆడలేదు". ఫలానా హీరో సినిమా "ఆడాడు" అని ఎవరూ అనరు, "చేశాడు" అంటారు.

ఇక ఆటల అంకెలు. సాయంత్రం ఆరున్నరకి వేసేది మొదటాట, రాత్రి తొమ్మిదిన్నరది రెండో ఆట. అప్పటికే మార్నింగ్ షో, మ్యాట్నీ అయిపోయి ఉంటే ఆరున్నరది మొదటిది ఎలా అవుతుంది? నాకు తోచేది, ఇది డేరా టాకీసుల నాటి లెక్క. గుడ్డ డేరాలో పగలు బొమ్మ కనపడదు, పొద్దు గూకాల్సిందే. మైకులో ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట వినిపిస్తే టిక్కెట్లు ఇస్తున్నారని గుర్తు. నేల టిక్కెట్టు వాళ్లు ఇసక కుప్ప పోసుకుని దాని మీద కూర్చునేవాళ్లు. వెనకవాడికి తెర కనపడక వాడు ఇంకాస్త ఎత్తు పోసేవాడు, గొడవ అక్కడ మొదలు. ప్రొజెక్టర్ ఒక్కటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి, సోడాలవాడు లోపలికొచ్చేవాడు. తర్వాత పక్కా హాళ్లు కట్టి పగటి ఆటలు పెట్టేనాటికి ఒకటీ రెండూ రాత్రి ఆటలకి పోయాయి, వీటికి ఇంగ్లీషు పేర్లే దిక్కయ్యాయి. (అన్నట్టు మ్యాట్నీ అన్నది ఫ్రెంచిలో పొద్దుటిని చెప్పే మాట నుంచి వచ్చింది. మనం అన్నం తిని, రెండున్నరకి వెళ్తాం.)

ఇప్పుడు యాప్‌లో పదకొండు ఇరవై, నాలుగూ పది అని టైములే తప్ప ఆటలు లేవు. అయినా సంక్రాంతికి ఊరెళ్తే, భోజనాలయ్యాక ఎవరో ఒకరు "రెండో ఆటకి పోదామా" అంటారు, ఎన్నింటికని ఎవరూ అడగరు.

మా కృష్ణా జిల్లాలో మధ్యాహ్నందాన్ని "మ్యాట్నీ ఆట" అనే అంటాం. సీమలో, తెలంగాణలో పగటి ఆటకి వేరే పేరేమైనా వాడతారా? విన్నవాళ్లు చెప్పండి.