48 గంటల షార్ట్ ఫిల్మ్: ఒడ్డున సీనుకి లైవ్ సౌండా, డబ్బింగా?

తెరచాప_టీం
48 గంటల్లో షార్ట్ ఫిల్మ్ తీసే పోటీకి దిగుతున్నాం. శుక్రవారం రాత్రి 8కి టాపిక్ ఇస్తారు, ఆదివారం రాత్రి 8కల్లా ఫైలు చేరాలి. నిడివి 5 నిమిషాలు. నలుగురం, రెండు ఫోన్లు, రెండు వైరు కాలర్ మైకులు, ఒక ట్రైపాడ్, చేతిలో 6,000 రూపాయలు. టాపిక్ ఏదైనా సరే, విశాఖలో తెన్నేటి పార్కు కింద సముద్రం ఒడ్డున ఇద్దరు మాట్లాడుకునే సీను పెడదామని అనుకున్నాం. డైలాగులు 30కి మించవు, సగానికి పైగా అక్కడే, మిగతావి టీ కొట్టు సీనులో. గొడవంతా ఒక్కటే: మాట అక్కడే పట్టాలా, తర్వాత డబ్బింగ్ చెప్పించాలా? టీంలో ఇద్దరం అటు, ఇద్దరం ఇటు.

మైకు_మావయ్య
డబ్బింగే. రెండో ఆలోచన పెట్టుకోకండి. ఫ్యాను రొద ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని పసిగట్టి తీసేస్తుంది. అల అలా కాదు. లేస్తుంది, విరుగుతుంది, వెనక్కి లాగుతుంది. కింది గుమ్మనే మోత నుంచి పైన నురగ చప్పుడు దాకా అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఉంటుంది, మనిషి మాట ఉన్నచోట కూడా. దాన్ని గట్టిగా తీయించారా, మాట బిందెలో నోరుపెట్టి మాట్లాడినట్టు తయారవుతుంది.

షూటింగ్‌లో ఫోన్ మైకుతోనే పైలట్ ట్రాక్ పట్టండి చాలు, అంటే డబ్బింగప్పుడు విని చెప్పుకోడానికి పనికొచ్చే పచ్చి సౌండు. ఎడిట్ లాకయ్యాక (ఇక కట్‌లు మారవు అనుకున్నాక) ఒక్కో డైలాగునీ విడి క్లిప్పు చేసి, ముందు సెకనుకొకటి చొప్పున మూడు బీప్‌లు పెట్టండి. నాలుగో బీప్ పడాల్సిన చోట మాట మొదలవ్వాలి. గదిలో ఫ్యాను, ఫ్రిజ్ ఆపేసి, మంచం పరుపు గోడకి ఆనించి, రెండు బొంతలు వేలాడదీసి, మైకు నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కగా పెట్టండి. ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ పలికినప్పుడల్లా ఊపిరి తగిలి బుస్సుమంటుంది. తెలుగు సినిమా దశాబ్దాలుగా ఇలాగే నడిచింది.

లాసన్స్‌బే_లెన్స్
నడిచింది మావయ్యా, కానీ పెదాలకి మాట ఎలా కూర్చాలో తెలిసిన డబ్బింగ్ ఆర్టిస్టులతో నడిచింది. ఇక్కడ చెప్పేది శనివారం పొద్దంతా ఎండలో నిలబడి గొంతు బొంగురుపోయిన కుర్రాళ్ళు. అర్ధరాత్రి వాళ్ళని గదిలో కూర్చోబెట్టి పొద్దుటి కోపం మళ్ళీ తెమ్మంటే రాదు. పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది.

ఒడ్డున కూడా మాట పట్టొచ్చు. మైకు రొమ్ము ఎముక మీద, గడ్డానికి జానెడు కింద ఉండాలి. చొక్కా లోపలివైపు మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ టేపుతో అంటించి, కింద వైరు చిన్న చుట్టు చుట్టి ఇంకో టేపు వేయండి. లేకపోతే వైరు లాగినప్పుడల్లా కర్రుమంటుంది. చొక్కా నూలుదే కావాలి, పాలిస్టర్ ప్రతి కదలికకీ గరగరలాడుతుంది. రికార్డు చేసే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి జేబులో వేయండి. రికార్డింగ్ సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్, వేవ్ (WAV) ఫైలు పెట్టండి. కేక పెట్టినా సౌండు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి.

అసలు కిటుకు నిలబడే తీరులో ఉంది. మాట్లాడే మనిషి వీపు సముద్రం వైపు పెట్టండి. ఒళ్ళే గోడై అల హోరునీ, గాలినీ మైకుకి కొంత అడ్డుకుంటుంది. ఫ్రేములో వెనక సముద్రమూ వస్తుంది, అందరూ అడిగేది అదే కదా.

మైకు_మావయ్య
బాగుంది. రెండోవాడి మాటో? వాడు ఎదురుగా నిలబడితే వాడి ముఖం సముద్రం వైపే. గాలంతా వాడి మైకులోకే. ఒకడి షాటులో హోరు తక్కువ, రెండోవాడి షాటులో ఎక్కువ. కట్ పడ్డప్పుడల్లా ఎవరో తలుపు తీసి మూసినట్టు వినిపిస్తుంది. డైలాగు మధ్యలో ఒక అల సగానికి తెగిపోతుంది కూడా.

లాసన్స్‌బే_లెన్స్
అందుకే ఎదురెదురుగా పెట్టొద్దు. ఇద్దరినీ వీపులు సముద్రానికి పెట్టి గట్టు మీద పక్కపక్కనే కూర్చోబెట్టండి. స్నేహితులు కూర్చునేది కూడా అలాగే. సీను అయ్యాక, ఎవరూ మాట్లాడకుండా, రెండు నిమిషాలు వట్టి హోరు పట్టండి. ఎడిట్‌లో దాన్ని తెంపకుండా సీను పొడుగునా కింద పరిస్తే కట్‌లన్నీ దాని కింద దాక్కుంటాయి. ఈ రెండు నిమిషాలు మర్చిపోయి ఇంటికెళితే ఆ రాత్రి ఏ యాపూ ఆదుకోదు.

గాజువాక_గాఫర్
సౌండు వాళ్ళు వాళ్ళలో వాళ్ళే తేల్చేసుకుంటున్నారు, వెలుతురు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మనది తూర్పు తీరం. గాలి తక్కువుండేది పొద్దున్నే, అప్పుడు సూర్యుడు సముద్రం మీదే ఉంటాడు. వీపు సముద్రానికి పెడితే ముఖం నల్లబడుతుంది, లేదా ముఖానికి ఎక్స్‌పోజర్ పెడితే వెనక ఆకాశం తెల్లకాగితమైపోతుంది. సాయంత్రం ఎండ పక్కనున్న కైలాసగిరి కొండ వెనక్కి దిగితే ఒడ్డు మీద మెత్తటి నీడ పడుతుంది, ముఖాలకి అది బంగారం. కానీ ఆ వేళకి సముద్రపు గాలి జోరందుకుని ఉంటుంది.

పొద్దున్నే తీస్తానంటే ఎండని ముఖం మీదకి తిప్పడానికి 4 అడుగుల థర్మాకోల్ షీట్లు రెండు కొనండి, ఖర్చు వందల్లోనే. ముఖానికి నాలుగైదు అడుగుల దూరంలో, కళ్ళ ఎత్తుకి కొంచెం పైన పట్టాలి. కింద నుంచి పడితే దెయ్యం ముఖమే. గాలికి షీటు విరగకుండా వెనక వెదురు బద్ద కట్టండి. నలుగురిలో ఇద్దరు నటిస్తే, ఒకరు కెమెరా, ఒకరు థర్మాకోల్. మరి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సౌండు వినేదెవరు? లైవ్ అనేవాళ్ళు ముందు ఆ లెక్క చెప్పాలి.

ఒకటే_టేక్
మధ్యలో వస్తున్నందుకు సారీ గురూ. కైలాసగిరి మీంచి డ్రోన్ షాట్ ఒకటి పడితే...

గాజువాక_గాఫర్
వద్దు తమ్ముడూ. ఊళ్ళో ఉన్నది నేవీ విమానాల స్థావరం, ఐఎన్ఎస్ డేగా. ముందు డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు తెరిచి, అనుమతి లేకుండా ఎగరేయకూడని రెడ్ జోన్ ఎక్కడిదాకా ఉందో చూడు. అనుమతి తెచ్చేసరికి 48 గంటలు కాదు, నీ ఓపికే అయిపోతుంది. కొండెక్కి ట్రైపాడ్ పెట్టి తీసుకో.

టైమ్‌లైన్_తాత
ఇద్దరూ క్వాలిటీ గురించి కొట్టుకుంటున్నారు, నేను గంటలు లెక్కేస్తాను. డబ్బింగ్ అలవాటు లేనివాళ్ళకి డైలాగుకి 10 నిమిషాలు వేసుకోండి. 30 డైలాగులకి 5 గంటలు. అక్కడితో అవదు. పైలట్ ట్రాక్ తీసేయగానే అడుగుల చప్పుడు, టీ గ్లాసు, బట్టల సవ్వడి అన్నీ పోతాయి, మళ్ళీ పుట్టించాలి. ఇంకో 2 గంటలు. పైగా ఎడిట్ లాకయ్యేదాకా డబ్బింగ్ మొదలే కాదు, అంటే ఆ 7 గంటలూ ఆదివారం నెత్తినే పడతాయి. లైవ్ అయితే సెటప్పుకి (కెమెరా చోటు మార్చిన ప్రతిసారికి) 5 నిమిషాలు ఎక్కువ, 18 సెటప్పులకి గంటన్నర, అదీ శనివారమే అయిపోతుంది.

అయితే లైవ్ తీసి విడిగా ఫోన్‌లో మాట పట్టేవాళ్ళకి ఒక గొయ్యి ఉంది. ఫోన్‌లో మామూలు కెమెరా యాప్ చాలావరకు ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు అన్నది) నిలకడగా రాయదు. వెలుతురు తగ్గితే తనంతట తనే తగ్గించేస్తుంది. టైమ్‌లైన్‌లో మొదటి మాట కరెక్టుగా కూర్చుంటుంది, నాలుగో నిమిషానికి పెదాలు ముందు, మాట వెనక. ఫ్రేమ్ రేటు లాక్ చేసే యాప్ వాడండి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా ఉచితమే. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి టీ కొట్టు ట్యూబులైటు కూడా మిణుకుమనదు. టేకు మొదట్లో ఒక చప్పట్లు, చివర ఇంకొకటి. రెండు చప్పట్లూ వీడియో, సౌండు ఫైళ్ళు రెండింటిలో కలిస్తే జారలేదని అర్థం. 25 ఫ్రేములప్పుడు ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. ఒక ఫ్రేము తేడా ఎవరూ పట్టుకోరు, మూడైతే మీ అమ్మగారు కూడా పట్టేస్తారు.

మైకు_మావయ్య
గంటల లెక్క ఒప్పుకుంటాను తాతగారూ. కానీ 30 డైలాగులూ డబ్బింగ్ చెప్పించమని ఎవరన్నారు? టీ కొట్టు సీను లైవ్‌లోనే తీయండి. ఒడ్డున చెడిపోయిన ఏడెనిమిదికే డబ్బింగ్. ఆ ఏడెనిమిదీ పెదాలు కనిపించని షాట్‌లోకి తోసేయండి, అంటే భుజం మీంచి తీసింది, లేదా దూరం నుంచి తీసింది. ముఖం కనబడక తప్పకపోతే ప, ఫ, బ, భ, మ అక్షరాలు చూసుకోండి. వీటికి పెదాలు కలుస్తాయి. ‘రమ్మన్నాను, పోమన్నాను’ లాంటి మాటలో ‘మ’ తప్పితే కంటికి కొడుతుంది. ‘ఎక్కడికి’, ‘తెలుసా’ లాంటివి రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా దాటిపోతాయి. రాసేటప్పుడే ఒడ్డు సీనులో ‘మ’కారాలు తగ్గించండి.

లాసన్స్‌బే_లెన్స్
ఛందస్సు చెప్పినట్టుంది! అయినా ఒప్పుకోను. చెడిపోయిందని తెలిసేది ఎవరికి? అక్కడ ఎవరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకోకపోతే ఆదివారం మధ్యాహ్నం తెలుస్తుంది. చెడిందనిపిస్తే అక్కడికక్కడే, కెమెరా ఆపేసి, ఆ ఇద్దరినీ పైన రోడ్డు దాటించి అద్దాలు ఎత్తిన కారులో కూర్చోబెట్టి, అదే ఊపులో అవే డైలాగులు రెండుసార్లు చెప్పించండి. ఏసీ, ఇంజను ఆపి. కారు సీట్లు, పైకప్పు గుడ్డ శబ్దాన్ని మింగేస్తాయి, ప్రతిధ్వని రాదు. గొంతు వేడిగా ఉన్నప్పుడే పట్టినది అర్ధరాత్రి గది కన్నా నయం.

మైకు_మావయ్య
దాన్నీ డబ్బింగే అంటారు లెన్స్‌గారూ.

తెరచాప_టీం
అందరికీ దండాలు. గాఫర్ అన్న అడిగిన లెక్క తేలక ఐదో మనిషిని పిలుస్తున్నాం, హెడ్‌ఫోన్స్‌కే. కారు ఉంది. ఇంకొక్కటి: ఫైలు ఎన్నింటికి ఎక్స్‌పోర్ట్ పెట్టాలి?

టైమ్‌లైన్_తాత
ఆదివారం మధ్యాహ్నం 2కి మొదటి కాపీ, సౌండ్ మిక్సు పచ్చిగా ఉన్నా సరే. సెకనుకి 20 మెగాబిట్స్‌తో 5 నిమిషాల ఫైలంటే 750 ఎంబీ. అప్‌లోడ్ వేగం 10 మెగాబిట్స్ ఉంటే 10 నిమిషాలు, 2 ఉంటే 50 నిమిషాలు. నెట్ వేగం శుక్రవారమే కొలిచి పెట్టుకో, అప్‌లోడ్‌ది, డౌన్‌లోడ్‌ది కాదు.