అప్‌డేట్: పెద్ద నగరం వదిలి మధ్యస్థాయి పట్టణానికి మారాలా? (మారాం, ఉండిపోతున్నాం)

మరీ పెద్దదీ, మరీ చిన్నదీ కాని పట్టణానికి కుటుంబంతో మారిపోవడం మంచిదేనా అని అప్పట్లో అడిగాను. ఓపిగ్గా జవాబులు రాసిన అందరికీ థ్యాంక్స్.

అన్నిటికన్నా పనికొచ్చింది "ముందు అద్దెకు ఉండి చూడండి, పాత ఇల్లు వెంటనే అమ్మొద్దు" అన్న సలహా. ఇలాంటి చోట కొనేవాళ్లు తక్కువ. ఇక్కడ ఇల్లు కొనేసి, నచ్చక అమ్ముదామన్నా త్వరగా బేరం కుదరదు.

"ఇప్పుడున్న ఉద్యోగం పోతే అదే ఊళ్లో ఇంకోటి దొరుకుతుందా?" అని ఒకరు అడిగారు. వారికి నిజంగా రుణపడి ఉన్నాం. మా ఆవిడ రంగంలో ఇక్కడ అవకాశాలు బాగా తక్కువ. అందుకే తన ఉద్యోగం ఖాయమయ్యాకే కదిలాం. నేను ఇంటి నుంచే పని చేస్తాను. ఊరు మారితే జీతం తగ్గించరని కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాను. కొన్ని కంపెనీలు తగ్గిస్తాయి, ముందే అడగండి.

నాన్నగారి గుండె జబ్బు గురించే నాకు ఎక్కువ టెన్షన్. స్పెషలిస్టు దూరమైనా ఫర్వాలేదు, 24 గంటలూ యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచే చికిత్స) చేసే ఆసుపత్రి ఎంత దగ్గర్లో ఉందో చూసుకోమన్నారు డాక్టరుగారు. ఇంటిని దాన్నిబట్టే ఎంచుకున్నాం.

షాపింగ్, కాలక్షేపం ఉండవన్న భయం అసలు లెక్కలోకే రాలేదు. రాత్రిపూట బస్సులు లేకపోవడం మాత్రం ఇబ్బందే, రెండో బండి కొనాల్సి వచ్చింది. కొత్త స్నేహాలకూ టైమ్ పడుతోంది.

సొంతిల్లు ఇంకా కొనలేదు, అద్దె ఒప్పందాన్ని పొడిగించుకున్నాం.