చెప్పి చేయించుకున్న కత్తికి గంట్లు పడ్డాయి, డబ్బులు వెనక్కి అడగొచ్చా?

నెల్లూరు చేపల పులుసు: చేపలు కోయడానికి కమ్మరి దగ్గర కత్తి చేయించాను. లారీ కమాన్ పట్టా, అదే బరువు మోసే స్ప్రింగు ఉక్కు పట్టీ, నేనే తెచ్చిచ్చా. ఎనిమిది అంగుళాలు, టేకు పిడి, 1,800 రూపాయలు. వారం అన్నాడు, నెలన్నర పట్టింది. అది వదిలేద్దాం. పది రోజులు వంజరం నడిముల్లు దగ్గర కూడా చెయ్యి ఆగలేదు. పదకొండో రోజు అంచు మీద బియ్యపు గింజంత గంట్లు రెండు. అమ్మ దాంతో కొబ్బరికాయ కొట్టిందట. కొట్టనీండి, ఇంత పెట్టి చేయించిన కత్తి ఆ మాత్రం ఆగకూడదా?

కందుకూరోడు: అన్నా, చేపలకని చెప్పింది నువ్వే కదా. చేపలకు అంచు పల్చగా తీస్తారు. కొబ్బరికాయకు మచ్చుకత్తి ఉంది. ఏ మొహం పెట్టుకుని అడుగుతావ్?

ఒంగోలు బ్రదర్: నేనొప్పుకోను. ఎర్రగా కాల్చి ముంచేస్తే ఉక్కు గాజులా పెళుసవుతుంది. తర్వాత మళ్లీ సన్న సెగ మీద, 200 డిగ్రీల పైచిలుకు, ఎండుగడ్డి రంగు తేలేదాకా కాచాలి. తొందరలో ఆ పని ఎగ్గొట్టేవాళ్లను చూశాను. తప్పు కత్తి చేసినవాడిదే.

కొలిమి ఇంటివాణ్ణి: ఊరికే వాదులాడుకోవద్దు. మా నాన్న నలభై ఏళ్లుగా సమ్మెట పట్టిన మనిషి, నేను తిత్తి ఊదుతూ పెరిగా. అంచు మడత పడితే ఉక్కు మెత్తన, పెచ్చు ఊడితే గట్టిదనం ఎక్కువ. ఇక విరిగిన చోట భూతద్దం పెట్టి చూడండి. పంచదార పలుకుల్లా మెరుస్తుంటే కొలిమిలో అతిగా కాల్చారు, అది మా వాళ్ల తప్పే. సన్నగా, బూడిదరంగులో ఉంటే ఉక్కు బాగున్నట్టే, కొబ్బరికాయదే పాపం. ఇంకోటి, ఏళ్ల తరబడి బరువు మోసిన కమాన్‌లో కంటికి కనపడని నెర్రెలు ఉండొచ్చు. అందుకే నాన్న పాత పట్టాలు తెస్తే మొహమాటం లేకుండా వెనక్కి పంపేస్తాడు.

నెల్లూరు చేపల పులుసు: ఫోన్ టార్చి వేసి చూశా. ఒక గంటు బూడిదరంగే. రెండోదాని లోపల మాత్రం నల్లటి గీత ఉంది.

కొలిమి ఇంటివాణ్ణి: నలుపు ఉంటే వేడి మీద ఉన్నప్పటికే అక్కడ చీలిక ఉన్నట్టు. ఆ గంటుకు అమ్మగారితో పనిలేదు.

ఒంగోలు బ్రదర్: చూశారా!

కందుకూరోడు: ఏం చూడాలి బ్రదర్? ఆ చీలిక నీళ్లలో ముంచినప్పుడు వచ్చిందో, అన్న తెచ్చిన లారీ పట్టాలోనే ఉందో ఎలా తేలుస్తావ్?

నెల్లూరు చేపల పులుసు: నిన్న వెళ్లాను. గీత చూపిస్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. అంచు అరిగించి మళ్లీ సాన పట్టిస్తా, డబ్బులొద్దన్నాడు. చీలిక లోపలిదాకా ఉంటే కొత్తది, పట్టా ఆయనదే, కూలి నాది. ఒప్పుకున్నా. అమ్మ మాత్రం ఇంకా మాట్లాడటం లేదు.