రావ్‌4 ప్రైమ్‌కి 5,500 డాలర్లు అదనంగా పెట్టొచ్చా?

శ్రీను (ఫ్రిస్కో, టెక్సస్)
అందరికీ నమస్కారం. వాడిన 2023 టయోటా రావ్‌4 కొందామని చూస్తున్నాం. మామూలు హైబ్రిడ్‌కీ, ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే ప్రైమ్‌కీ డీలరు చెబుతున్న తేడా 5,500 డాలర్లు. ఆఫీసు ఇర్వింగ్‌లో. రానూపోనూ 48 మైళ్ళు, ఎక్కువ హైవేనే. అక్కడ ఛార్జర్ లేదు. ఇంట్లో గరాజ్ ఉంది, అందులో మామూలు 120 వోల్టుల ప్లగ్ పాయింట్ ఒకటి ఉంది. కరెంటు యూనిట్ 13 సెంట్లు, గ్యాస్ (పెట్రోలు) గ్యాలన్ 3 డాలర్లు. ఇప్పుడున్న బండి 24 ఎంపీజీ (గ్యాలన్‌కి 24 మైళ్ళు) ఇస్తోంది. ప్రైమ్ తీసుకుంటే ఏడాదికి 850 దాకా మిగులుతుందని, ఆరేడేళ్ళలో తేడా మొత్తం వచ్చేస్తుందని డీలరు అంటున్నాడు. నమ్మొచ్చా? 240 వోల్టుల లైనుకి ఎలక్ట్రీషియన్ 1,200 అడిగాడు, అది వేరే.

రవి
శ్రీను గారూ, డీలరు కూడికలు సరిగ్గానే వేశాడు, పోలికే తప్పు. ప్రైమ్‌ని మీ పాత బండితో పోల్చాడు. పాత బండి ఎలాగూ వదిలేస్తున్నారు కదా, కాబట్టి పక్కనే ఉన్న మామూలు హైబ్రిడ్‌తో పోల్చాలి.

మైలుకి ఎంత పడుతుందో చూడండి. ఈపీఏ (బళ్ళ మైలేజీ లెక్కలు ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) లెక్కలో ప్రైమ్ 100 మైళ్ళకి 36 యూనిట్లు తాగుతుంది. ఛార్జింగ్‌లో వృథా అయ్యే కరెంటు కూడా అందులోనే ఉంది, మళ్ళీ కలపక్కర్లేదు. 13 సెంట్ల చొప్పున మైలుకి 4.7 సెంట్లు. మామూలు రావ్‌4 హైబ్రిడ్ 40 ఎంపీజీ, 3 డాలర్ల గ్యాస్‌తో మైలుకి 7.5 సెంట్లు. అంటే కరెంటు మీద నడిచిన ప్రతి మైలుకీ మిగిలేది 2.8 సెంట్లు. మీ 24 ఎంపీజీ బండితో పోలిస్తే 7.8 సెంట్లు మిగిలినట్టు కనిపిస్తుంది. డీలరు చెప్పిన 850 అక్కణ్ణుంచే వచ్చింది.

మీ వాడకంలో వారాంతాలు కూడా కలుపుకుని ఏడాదికి 11,000 మైళ్ళు కరెంటు మీద వెళ్తాయనుకుందాం. మిగిలేది 310 డాలర్లు. 5,500 రాబట్టడానికి పదిహేడేళ్ళు దాటుతుంది. డబ్బు కోసమే అయితే వద్దు. బండి ఎనిమిదేళ్ళు ఉంచుకుంటారనుకుంటే తేడా 2,500 లోపు ఉండాలి. బేరం అక్కడిదాకా దిగితే కళ్ళు మూసుకుని ప్రైమ్ తీసుకోండి.

ఇంకో మాట. ప్లగ్ పెట్టే బళ్ళలో కొత్తవాటికి 7,500, వాడినవాటికి 4,000 వరకు ఇచ్చిన ఫెడరల్ క్రెడిట్లు (పన్ను రాయితీలు) 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయాయి. ఎవరైనా అవి కలిపి ధర చూపిస్తే ఒప్పుకోవద్దు. టెక్సస్‌లో పూర్తి ఎలక్ట్రిక్ బళ్ళకి ఏటా వేసే 200 డాలర్ల రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం ప్రైమ్ లాంటి ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కి పడదు.

మాధవి (ఫ్రీమాంట్)
రవి గారి లెక్కలో మా కాలిఫోర్నియా రేట్లు వేసి చూడండి. రాత్రి రేటు యూనిట్ 31 సెంట్లయితే మైలుకి 11.2 సెంట్లు. గ్యాస్ 4.60 అయితే హైబ్రిడ్‌కి 11.5. మిగిలేది సున్నా! ఇంటి మీద సోలార్ ఉన్నవాళ్ళ సంగతి వేరు. అపార్ట్‌మెంట్లో ఉంటూ బయట ఛార్జ్ చేసుకుందాం అనుకునేవాళ్ళకైతే అసలు వద్దనే చెబుతాను. బయట యూనిట్ 45 సెంట్లంటే మైలుకి 16 సెంట్లు, గ్యాసే చవక. గంటకి ఇంత అని వసూలు చేసే చోట ఇంకా ఘోరం. ప్రైమ్‌లో చవక రకం ఎస్ఈలో ఛార్జర్ 3.3 కిలోవాట్లే, గంటసేపు పెడితే తొమ్మిది మైళ్ళు ఎక్కుతుంది. బయట స్టేషన్లలో త్వరగా నింపే డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ ఆ బండికి లేనే లేదు.

శ్రీను
పోలిక సంగతి ఇప్పుడు అర్థమైంది, థాంక్స్ అండి. కరెంటు మీదే 42 మైళ్ళ రేంజ్ అంటున్నారు కదా, హైవే మీద అంత వస్తుందా? ఆ 1,200 లైను తప్పదా?

ప్రసాద్
గంటకి 75 మైళ్ళ మీద వెళ్తే 42 రాదు, 35 దగ్గర ఆగుతుంది. అయితే ఆ వేగంలో మామూలు హైబ్రిడ్ కూడా 40 ఇవ్వదు కాబట్టి రవి గారి లెక్క పెద్దగా మారదు. మీ 48లో ఎలాగూ ఓ పన్నెండు మైళ్ళు ఇంజిన్ మీద నడవాలి. ఆ పన్నెండూ ఎక్కడ నడపాలో మీరే ఎంచుకోండి. హైవే ఎక్కాక హెచ్‌వీ మోడ్ (మామూలు హైబ్రిడ్‌లా ఇంజిన్‌తో) నొక్కండి, ఊళ్ళోకి దిగాక ఈవీ మోడ్‌కి (కరెంటు మీదే) మార్చండి. మార్చకుండా వదిలేస్తే సాయంత్రం 75 వేగంలో బ్యాటరీ అయిపోతుంది, చల్లగా ఉన్న ఇంజిన్ ఒక్కసారిగా బరువంతా లాగాల్సి వస్తుంది. ఇంజిన్‌తో బ్యాటరీ నింపే ఛార్జ్ మోడ్ జోలికి మాత్రం పోకండి, గ్యాస్ దండగ. చలికాలంలో ఈ బండికి తక్కువ కరెంటుతో వేడి చేసే హీట్ పంప్ ఉంది కాబట్టి డాలస్ చలికి హీటర్ కరెంటు మీదే నడుస్తుంది. ముందు అద్దం డీఫ్రాస్ట్ నొక్కితే మాత్రం ఇంజిన్ లేస్తుంది, అది లోపమేం కాదు. గరాజ్‌లో ప్లగ్ ఉండగానే బండి వేడి చేసుకుని బయల్దేరండి.

సుబ్బారావు (కరెంటు పని తెలిసినవాణ్ణి)
1,200 అక్కర్లేదు. 120 వోల్టుల మీద 12 యాంప్స్ లాగితే 1.44 కిలోవాట్లు. ఖాళీ బ్యాటరీ నిండటానికి గోడ నుంచి సుమారు 15 యూనిట్లు కావాలి. టయోటా చెప్పేది 12 గంటలు. సాయంత్రం ఏడింటికి పెడితే పొద్దున ఏడింటికి నిండుతుంది, మీ పనికి అది చాలు.

కానీ ఆ పాయింట్ ముందు చూసుకోవాలి. గరాజ్‌లో ఏం వాడుతున్నారో అన్నీ ఆన్ చేసి, ప్యానెల్లో ఆ బ్రేకర్ దించండి. ఏమేం ఆగిపోయాయో చూడండి. ఫ్రిజ్ కూడా ఆగితే రెండూ ఒకే 15 లేదా 20 యాంప్స్ బ్రేకర్ మీద ఉన్నట్టు. బండి పన్నెండు గంటలు ఏకధాటిగా లాగుతుంటే మధ్యలో ఫ్రిజ్ కంప్రెసర్ లేచి బ్రేకర్ పడిపోతుంది, ఫ్రిజ్‌లో సామాను పాడవుతుంది. రెండోది, పాయింట్ వెనక వైరు ఎలా బిగించారో చూడాలి. కొన్ని ఇళ్ళలో స్క్రూ కింద బిగించకుండా వెనక రంధ్రంలో గుచ్చి వదిలేస్తారు. అక్కడ వదులుగా ఉంటే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. పాయింట్ తీసి, గట్టి రకం వేసి, వైరు స్క్రూ కింద బిగించమనండి. చవకలో అయిపోయే పని. మొదటి రాత్రి గంటయ్యాక ప్లగ్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత ఉంటే వెంటనే ఆపేయండి. ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం ఎప్పుడూ వద్దు.

ఆ సర్క్యూట్ మీద ఆ ఒక్క పాయింటే ఉండి, గోడలో 12 గేజ్ (20 యాంప్స్ తట్టుకునే మందం) వైరు ఉంటే, కొత్త వైరు లాగకుండానే బ్రేకర్, పాయింట్ మార్చి 240 వోల్టులు 20 యాంప్స్ చేయొచ్చు. అప్పుడు ఎస్ఈ నాలుగున్నర గంటల్లో నిండుతుంది. మీరు చేతులు పెట్టకండి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. 1,200 చెప్పిన ఆయన బహుశా 50 యాంప్స్ లైను లెక్క వేశాడు, ఈ బండికి అంత అవసరం లేదు.

శ్రీను
చాలా థాంక్స్ అండి. మా పక్క వీధిలో రాత్రి కరెంటు ఫ్రీ ప్లాన్ తీసుకున్నారు. దాంతో లెక్క మారుతుందా?

రవి
మారొచ్చు, కానీ ఆ ప్లాన్లలో పగటి రేటు ఎక్కువ. మీ ఇంట్లో ఎండాకాలం పగలంతా ఏసీ తిరుగుతుంటే బండి మీద మిగిలింది అక్కడ పోతుంది. స్మార్ట్ మీటర్ టెక్సస్ సైట్‌లో మీ గంటల వారీ వాడకం దొరుకుతుంది. జులై, ఆగస్టు నెలలవి తీసి ఆ రేట్లతో వేసి చూడండి. కోసర్వ్ (సహకార కరెంటు సంస్థ) కింద ఉన్న ఇల్లయితే కంపెనీ ఎంచుకునే వీలే లేదు, ముందు అది చూసుకోండి.

మాధవి
వాడిన ప్రైమ్ చూడ్డానికి వెళ్తే ఛార్జింగ్ కేబుల్ డిక్కీలో ఉందో లేదో అడగండి, చాలాసార్లు పాత ఓనర్ దగ్గరే ఉండిపోతుంది. డాష్‌బోర్డ్ మీద చూపించే రేంజ్‌ని బట్టి బ్యాటరీ గురించి తేల్చేయొద్దు, అది ఇంతకుముందు నడిపిన తీరును బట్టి మారుతుంది. పూర్తిగా దింపి మళ్ళీ నింపినప్పుడు ఛార్జర్ మీటరు ఎన్ని యూనిట్లు చూపిందో అడగండి. 15కి దగ్గరగా ఉండాలి. బ్యాటరీ వారంటీ పదేళ్ళు లేదా 150,000 మైళ్ళు, బండి మొదట అమ్మిన తేదీ నుంచి లెక్క, అందుకని ఆ తేదీ రాయించుకోండి. ఆయిల్ మార్చిన రసీదులు కూడా అడగండి. ఎక్కువ కరెంటు మీదే తిరిగిన బండికి మైళ్ళు పూర్తి కాలేదని ఆయిల్ మార్చకుండా వదిలేస్తుంటారు. మైళ్ళతో పని లేకుండా ఏడాదికోసారి మార్చి ఉండాలి.