అప్‌డేట్: పాత ఆంప్లిఫైయర్, రాస్‌బెర్రీ పై, ఆ హమ్ సంగతి

పాత స్టీరియో ఆంప్లిఫైయర్‌కి రాస్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటరు), యూఎస్‌బీ డాక్ (DAC, డిజిటల్ సౌండుని ఆంప్లిఫైయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) తగిలిస్తే హమ్ (గుయ్‌మనే మోత) వస్తోందని అడిగాను కదా, కారణం దొరికింది. తప్పు డాక్‌ది కాదు. టీవీ సౌండు కూడా అదే ఆంప్లిఫైయర్‌కి వెళ్తోంది; సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ వైరు పీకగానే హమ్ ఠక్కున ఆగింది. గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్‌లు రెండు దారుల్లో కలిసి, ఆ చుట్టులో కరెంటు పారడం వల్ల వచ్చే మోత. ఆ వైరుకి ఐసొలేటర్ (సిగ్నల్‌ని పోనిచ్చి ఎర్త్ కలయికని తెంచే చిన్న ముక్క) పెట్టాక మళ్లీ రాలేదు. హమ్ పోతుందని ఎర్త్ పిన్ను మాత్రం తీసెయ్యకండి, షాకు కొట్టే ప్రమాదం.

కుడి స్పీకరు గరగర వేరే గోల. అమలాపురం తేమకి ఆర్‌సీఏ సాకెట్లు (ఆడియో వైర్లు గుచ్చేవి) నల్లబడ్డాయి. కరెంటు తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరి. డాక్ 2 వోల్టులిస్తుంది కాబట్టి ఆంప్లిఫైయర్ ఆక్స్‌లోనే (మామూలు ఆడియో ఇన్‌పుట్) పెట్టాలి. ఫోనోలో (రికార్డు ప్లేయర్ సన్నటి సిగ్నల్ కోసం ఉన్న ఇన్‌పుట్) పెడితే బేస్ ఉబ్బి సౌండు పగులుతుంది. రాస్‌బెర్రీ పైలోని ప్లేయర్‌లో వాల్యూమ్ 100, తగ్గించేది ఆంప్లిఫైయర్ నాబ్‌తోనే.